కీ ఇచ్చే గడియారాల కోసం లండన్‌లో మూడు రోజులు

మా తాతగారింట్లో గోడ గడియారానికి వారం వారం కీ ఇచ్చే పని నాదే. ఆ పిచ్చి ఇంకా వదలక, జూలైలో లండన్ వెళ్ళినప్పుడు మూడు రోజులు పాత గడియారాలకే పెట్టాను.

మొదట గ్రీనిచ్. డీఎల్ఆర్ రైల్లో కట్టీ సార్క్ స్టేషన్‌లో దిగి పార్కులో గుట్ట ఎక్కాలి. అబ్జర్వేటరీ గేటు పక్కన గోడకి 1852 నాటి షెపర్డ్ గడియారం ఉంది. దూరం నుంచే చూసి మా ఆవిడ, "ఏమండీ, ఐదున్నర చూపిస్తోంది, ఆగిపోయినట్టుంది" అంది. దగ్గరికెళ్తే అందులో 24 గంటలున్నాయి! చిన్న ముల్లు రోజుకి ఒక్క చుట్టే తిరుగుతుంది. సరిగ్గా చదివితే పదిన్నర. నా ఫోన్‌లో మాత్రం పదకొండున్నర. ఎండాకాలంలో ఇంగ్లండంతా గడియారాలు గంట ముందుకి తిప్పుకుంటే, ఇది ఏడాది పొడవునా గ్రీనిచ్ టైమే చెబుతుంది. దీన్ని చూడ్డానికి టికెట్ అక్కర్లేదు.

లోపలికి టికెట్ ఉంది, దండగ కాదు. అక్కడ జాన్ హారిసన్ గడియారాలున్నాయి. ఆయన వడ్రంగి కొడుకు, తనూ వడ్రంగే. సముద్రం మీద రేఖాంశం తెలియాలంటే ఓడ ఎంత ఊగినా టైము తప్పని గడియారం కావాలి. లోలకం అక్కడ పనికిరాదు. ఉపాయం కనిపెట్టినవాళ్ళకి 20,000 పౌండ్ల దాకా ఇస్తామని 1714లో పార్లమెంటు చట్టమే చేసింది. 1735లో పూర్తయిన ఆయన మొదటి సముద్ర గడియారం హెచ్1 ముందు అరగంట నిలబడిపోయాను. రెండు ఇత్తడి కడ్డీలు, కొసల్లో గుండ్లు, మధ్యలో స్ప్రింగులు. ఒకటి ఇటు వాలితే రెండోది అటు వాలుతుంది, కాబట్టి ఓడ కుదుపు ఒకదాన్ని తోస్తే రెండోది సర్దేస్తుంది. పెద్ద పళ్ళ చక్రాలు చెక్కవి. ఇప్పటికీ ఆడుతోంది. చివరికి పందెం నెగ్గిన హెచ్4 మాత్రం సాసరంత వెండి వాచీ. దానికి నూనె కావాలి, నడిపిస్తే అరిగిపోతుందని ఆపి ఉంచారు. మొదటి మూడింటికీ ఆ బెడద లేదు. బయట మెరిడియన్ (సున్నా రేఖాంశం) గీత మీద కాళ్ళు పెట్టి ఫోటో దిగడానికి పెద్ద క్యూ, మేం నిలబడలేదు.

బస కింగ్స్ క్రాస్ దగ్గర, పేరెందుకులెండి. లిఫ్ట్ లేదన్న సంగతి మెట్ల ముందు నిలబడ్డాకే తెలిసింది. మూడంతస్తులు, రెండు పెద్ద పెట్టెలు! కానీ పికడిల్లీ లైన్ ట్యూబు (భూగర్భ రైలు) ఎక్కితే సైన్స్ మ్యూజియం ఉన్న సౌత్ కెన్సింగ్టన్ దాకా మారకుండా పోవచ్చు, శాకాహారం కావాలంటే డ్రమ్మండ్ స్ట్రీట్ నడిచే దూరం. ఆ రెండింటికోసం మెట్లని క్షమించాను.

సైన్స్ మ్యూజియంలో గడియారాలు చేసేవాళ్ళ సంఘం సేకరణ ఉంది. 1631లో పుట్టిన సంఘం అది. మూడో జార్జి రాజు 1772లో స్వయంగా పరీక్ష పెట్టిన హారిసన్ హెచ్5 అక్కడే ఉంది. ఉచితం. అయితే ఒక్కచోటికే టైముంటే నా ఓటు బ్రిటిష్ మ్యూజియానికి. 38, 39 గదులు, అదీ ఉచితమే. విలియం రాజు కోసం 1690 ప్రాంతంలో థామస్ టాంపియన్ చేసిన మోస్టిన్ గడియారం అక్కడుంది. ఒకసారి కీ ఇస్తే ఏడాది దాటి నడుస్తుంది. వారానికోసారి స్టూలెక్కినవాడికి అదెంత పెద్ద మాటో తెలుస్తుంది! టాంపియన్ కమ్మరి కొడుకు. ఆయన్నీ, ఆయన భాగస్వామి జార్జి గ్రాహంనీ వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీ చర్చిలో ఒకే సమాధిలో పెట్టారు. అక్కడ టికెట్ బాగా ఖరీదు, ఆ ఒక్క రాయి కోసమే అయితే వద్దంటాను.

శనివారం పోర్టొబెల్లో రోడ్‌లో పాత సామాన్ల సంత. షాపింగ్ అనగానే మా ఆవిడ మళ్ళీ తోడొచ్చింది. నల్ల చెక్క పెట్టె, పైన పిడి ఉన్న బల్ల గడియారం ఒకటి నచ్చింది. ముఖం మీద లండన్ పనివాడి పేరు. అమ్మే పెద్దాయన వెనక తలుపు తీసి, చెక్కలో ఊరికే ఉన్న పాత మేకు బెజ్జాలు చూపించాడు. పెట్టె ఒకరిది, లోపలి యంత్రం ఇంకొకరిది. ఇలాంటివాటిని వాళ్ళు మ్యారేజ్ అంటారట. ధర సగానికి పడిపోతుందని ఆయనే చెప్పాడు.

"పెళ్ళయినా ఆగకుండా నడుస్తోందిగా, ఇంకేం కావాలి?" అంది మా ఆవిడ. ఆ సగం ధర కూడా మాకు అందలేదు.