గూగుల్ సెర్చ్ కన్సోల్: నాలుగేళ్లు వాడాక

వరంగల్ కొత్తవాడలో మా ఇంట్లో జంపఖానాలు నేస్తారు. వరంగల్ డర్రీలకు, అంటే ఈ జంపఖానాలకే, 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. ఆ ఊపులో మేమూ ఒక వెబ్‌సైట్ పెట్టుకున్నాం, కానీ గూగుల్‌లో వెతికితే ఎక్కడో అడుగున ఉండేది. నెలలో మొదటి పేజీకి తెస్తామన్న ఒక సంస్థకు డబ్బు కట్టాం. వాళ్లు ఊరూ పేరూ లేని సైట్లలో మా లింకులు పెట్టించి చేతులు దులుపుకున్నారు. ర్యాంకు కోసం లింకులు కొనడం గూగుల్ నిబంధనలకే విరుద్ధమని మాకు ఆలస్యంగా తెలిసింది.

అప్పుడు సెర్చ్ కన్సోల్ తెరిచాను. ఇది సైట్ ఉన్నవాళ్లకు గూగుల్ ఉచితంగా ఇచ్చే సాధనం. దీన్ని పెట్టుకున్నంత మాత్రాన ర్యాంకు పెరగదు. జనం ఏ మాటలు టైప్ చేస్తే మన పేజీ కనిపించిందో, ఎంతమంది నొక్కారో చూపిస్తుంది. నాకు కళ్లు తెరిపించింది అదే. మేము ప్రతి పేజీలో ‘చేనేత కళావైభవం’ అని రాసుకున్నాం. ఆ మాటతో వెతికినవాళ్లు ఒక్కరూ లేరు. జనం అడిగింది ‘పెళ్లికి పెద్ద జంపఖానా ధర’, ‘జంపఖానా ఉతికితే రంగు పోతుందా’. ఫోన్ చేసి మా బాపును అడిగేవి కూడా ఇవే! బాపు చెప్పిన జవాబులను ఆయన మాటల్లోనే రాసి, కొలతలు, ధరలు పక్కనే పెట్టాను. టైటిళ్లు కూడా ఆ మాటలతోనే మార్చాను. మూడు నెలలు పట్టింది గానీ, ఉతకడం గురించిన మా పేజీ గూగుల్‌లో మొదటి పేజీకి వచ్చింది.

ఒకసారి సైట్ డిజైన్ మార్పించాం. పనిచేసినాయన సెర్చ్ ఇంజన్లకు కనిపించొద్దనే టిక్కు తీయడం మరిచిపోయాడు. పేజీలు ఒక్కొక్కటే గూగుల్‌లోంచి మాయమవుతుంటే చాలా టెన్షన్ పడ్డాను. ఏ పేజీలు గూగుల్ జాబితాలో ఉన్నాయో చెప్పే ఇండెక్సింగ్ రిపోర్టులో ‘నోఇండెక్స్’ (జాబితాలో చేర్చొద్దు) అని కారణం కనిపించింది. టిక్కు తీసి, ముఖ్యమైన పేజీలను మళ్లీ చేర్చుకోమని గూగుల్‌కు రిక్వెస్ట్ పెట్టాను. నెమ్మదిగా తిరిగొచ్చాయి.

లోపాలూ ఉన్నాయి. డేటా 16 నెలలదే ఉంటుంది, అందుకే నేను అప్పుడప్పుడు షీట్‌లోకి దించుకుంటాను. మరీ తక్కువమంది వెతికిన మాటలను ప్రైవసీ కోసం దాచేస్తుంది. మాలాంటి చిన్న సైట్లకు అదే పెద్ద నష్టం. పేజీ వేగం రిపోర్టులోనూ మాకు చాలినంత డేటా లేదనే వస్తుంది. ఫొటోల బరువు తగ్గించాక వేగాన్ని గూగుల్‌దే మరో సాధనమైన పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో చూసుకున్నాను. పెద్ద ఫొటో రెండున్నర సెకన్లలోపు తెరుచుకుంటే బాగున్నట్టు లెక్క. వెతికినప్పుడు మన పేజీ సగటున ఎన్నో స్థానంలో వచ్చిందో చెప్పే ‘సగటు స్థానం’ అనే అంకెను మాత్రం నేను పెద్దగా పట్టించుకోను. ఊరిని బట్టి, ఫోన్‌ని బట్టి అది మారుతుంది.

ఈ మధ్య ‘యోగాకు జంపఖానా’ అని వెతికేవాళ్లు కనిపిస్తున్నారు. ఆ కొలత మేము ఎప్పుడూ వేయలేదు. బాపుకు చూపిస్తే, వచ్చే వారం రెండడుగుల వెడల్పుతో ఒకటి నేసి చూస్తానన్నాడు.