ఇ4కి జవాబు: సిసిలియనా, కారో-కానా?

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగేలోపు ఫోన్‌లో చూసుకునే లైన్లే (ఆట మొదట్లో వేసే ఎత్తుల వరసలు) నా చెస్ ప్రిపరేషన్ అంతా. 2002లో విశ్వనాథన్ ఆనంద్ మన హైదరాబాద్‌లోనే చెస్ ప్రపంచ కప్ గెలిచిన రోజుల్లో పట్టుకున్న పిచ్చి ఇది. రేటింగ్ టోర్నమెంట్‌లో నల్లపావులు వచ్చినప్పుడల్లా అదే టెన్షన్: తెల్లపావులవాళ్ళు ఇ4 ఆడితే (రాజు ముందు బంటును రెండు గళ్ళు నెడితే) సి5 వేసి సిసిలియన్ డిఫెన్స్‌లోకి వెళ్ళాలా, సి6 వేసి కారో-కాన్ డిఫెన్స్ ఆడాలా?

సిసిలియన్‌లో మజా ఉంది, కాదనను. సి బంటును ఇచ్చి వాళ్ళ డి బంటును రాబడతాం. మధ్యలో మనకు రెండు బంట్లు, వాళ్ళకు ఒకటే. సి ఫైల్ (నిలువు వరస) తెరుచుకుని ఏనుగుకు పని దొరుకుతుంది. కానీ అది అడిగే చదువు మామూలుది కాదు. సిసిలియన్‌లోనే ఒక రకమైన నైడార్ఫ్‌లో మన క్వీన్ వెళ్ళి బి2 బంటును తినే లైన్ ఒకటుంది, 'విషపు బంటు' అంటారు. ఫిషర్ అంతటివాడే 1972 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో స్పాస్కీ మీద అది ఆడి, 11వ గేమ్‌లో క్వీన్ చిక్కుకుపోయి ఓడిపోయాడు. ఇక మనమెంత! పైగా నెలంతా నైడార్ఫ్ బట్టీపట్టి వెళితే, ఎదురుగా కూర్చున్న పదేళ్ళ బుడ్డోడు రెండో ఎత్తుకే సి3 వేస్తాడు, ఇక ఆట నైడార్ఫ్‌లోకే వెళ్ళదు. చదివిందంతా గంగపాలు. నాకు వరసగా మూడు టోర్నమెంట్లలో ఇదే జరిగింది.

కారో-కాన్‌లో ఆలోచన తేలిక: సి6 దన్నుతో డి5. ముందే ఇ6 వేసే ఫ్రెంచ్ డిఫెన్స్‌లో లాగా సి8 బిషప్ సొంత బంట్ల వెనకే మగ్గిపోదు. అది ఎఫ్5కి వచ్చేశాకే ఇ6 వేస్తాం. లైన్ మరిచిపోయినా ఈ ప్లాన్ గుర్తుంటే చాలావరకు నెట్టుకురావచ్చు.

అలాగని కళ్ళు మూసుకుని ఆడేది కాదు. ఒకసారి ఇ4లో గుర్రాన్ని పెట్టుకున్న తెల్లవాళ్ళకి జవాబుగా నా గుర్రాన్ని డి7కి వేశాను. వాళ్ళు క్వీన్‌ను ఇ2కి తెచ్చారు. అలవాటుగా రెండో గుర్రాన్ని ఎఫ్6కి దూకించాను. వాళ్ళ గుర్రం డి6లో దిగింది, మేట్! ఇ ఫైల్‌లో క్వీన్ ఉంది కదా, నా ఇ7 బంటు కదిలితే రాజుకు చెక్, కాబట్టి ఆ గుర్రాన్ని తినడానికి లేదు. ఆరే ఎత్తులు. నన్ను దింపిన మా తమ్ముడికి అప్పటికి పార్కింగ్ కూడా దొరకలేదు.

అయినా 1600 లోపు రేటింగ్‌తో, ఉద్యోగం చేసుకుంటూ ఆడేవాళ్ళకి నా ఓటు కారో-కాన్‌కే. డి5లో బంట్లు మార్చేసుకుంటే ఆట కాస్త చప్పబడే మాట నిజమే. చివరి రౌండ్‌లో గెలిస్తేనే ప్రైజ్ అన్న రోజున మాత్రం సి5 వేస్తాను, అదీ ముందు సి3 లైన్ ఒకసారి తిరగేశాకే.