కొండ అడవిలో కప్పలు, పాముల లెక్క: రాత్రి నడకా? గుంట ఉచ్చులా?

ఉష్ణమండల కొండపై ఎత్తు మారేకొద్దీ జాతులూ మారిపోతాయి. వాటిని నమోదు చేయడానికి ఏ పద్ధతి మేలు? రాత్రి నడకలో దీపం వెలుగులో కళ్లతో వెతుకుతారు. గుంట ఉచ్చు అంటే నేలలో అంచుదాకా పాతిన బకెట్; అడ్డుకంచె జీవులను దానివైపు మళ్లిస్తే, అవి అందులో పడతాయి.

ఖర్చు: నడకకు తలదీపం, నోటు పుస్తకం చాలు. గుంటలకు బకెట్లు, అడ్డుకంచె, తవ్వే మనుషులు కావాలి.

నైపుణ్యం: ఆకు అంచున కూర్చున్న గోరంత కప్పను కొత్తవారు చూడకుండానే దాటిపోతారు. గుంటకు ఆ పక్షపాతం లేదు.

ప్రమాదం: నడకలో జారే రాళ్లు, విషసర్పాలు. గుంటల్లో ముప్పు జీవులకే; వాన నీరు నిండితే మునిగి చస్తాయి. అడుగున రంధ్రాలు పెట్టాలి; రోజూ వెళ్లి చూడలేకపోతే దయచేసి ఈ పద్ధతి జోలికి పోవద్దు.

దొరికేవి: చెట్టుకప్పలు వేలి కొసల మెత్తలతో బకెట్ గోడ ఎక్కి వెళ్లిపోతాయి. ఆకుచెత్తలో తిరిగే నలికిరులకు మాత్రం గుంటలే సరి.

రాతి వాలుల్లో, సమయం తక్కువైతే నడకే. మెత్తటి నేలపై వారాల తరబడి ఉండగలిగితే గుంటలూ తవ్వండి.