గిటార్ చెక్క కొంటున్నారా? ‘బాగా ఆరింది’ అనే మాట మీద డబ్బు కట్టకండి

అకౌస్టిక్ గిటార్ సొంతంగా తయారుచేసుకునేవారు ఇది చదవండి. ఆన్‌లైన్‌లో ఒక విక్రేత దగ్గర పైపలకకు స్ప్రూస్, వెనుక భాగానికీ పక్కలకూ రోజ్‌వుడ్, మెడకు మహాగని దిమ్మె తీసుకున్నాను. అన్నీ ఏళ్ల తరబడి ఆరబెట్టిన చెక్కలేనని ప్రకటనలో ఉంది. పలకలు ప్లాస్టిక్‌లో బిగుతుగా చుట్టి వచ్చాయి. విప్పినప్పుడు చదునుగానే ఉన్నాయి. కొద్ది రోజులకే వెనుక పలకలు రెండూ దోనెల్లా వంగిపోయాయి.

ఫిర్యాదు చేస్తే, ‘మీ గదిలో తేమ సరిగా లేదు’ అన్నాడు. నా గదిలో గాలి తేమను కొలిచే హైగ్రోమీటర్ 45 శాతం దగ్గర ఉంది. ఆ గాలిలో చెక్కలోని తేమ ఎనిమిది, తొమ్మిది శాతం మధ్య నిలవాలి. మెడ దిమ్మెకు తేమ మీటర్ పెడితే 14 చూపించింది! అంటే ఆ ప్లాస్టిక్ పలకలను కాపాడలేదు, పచ్చిదనాన్ని దాచింది. సన్నటి పలకల మీద మీటర్ లెక్క నమ్మకంగా ఉండదు కాబట్టి వాటిని రోజూ తూచాను. బరువు తగ్గుతూనే ఉంది.

ఒక వైపే గాలి తగిలితే మంచి పలక కూడా వంగుతుంది, తిరగేసి పెడితే మళ్లీ చదునవుతుంది. అందుకే సన్నపాటి పుల్లల మీద, రెండు వైపులా గాలి ఆడేలా పెట్టి, పైన బరువు ఉంచి చూశాను. వంపు పోలేదు. చివరలు పరిశీలిస్తే కారణం దొరికింది. చెట్టు వలయాల గీతలు పలకకు నిలువుగా ఉండాల్సింది పోయి విల్లులా వంగి ఉన్నాయి. ఇలా కోసిన చెక్క, గీతలు నిలువుగా ఉండేలా కోసినదానికంటే వెడల్పు వైపు దాదాపు రెండింతలు కుంచించుకుపోతుంది. ప్రకటనలో మాత్రం నిలువు కోత అని ఉంది, ఫొటోల్లో ఒక్క చివర కూడా కనిపించదు.

‘బ్రేసులు (పలకకు లోపలి వైపు ఊతంగా అంటించే బద్దలు) అంటిస్తే అదే తిన్నగా అవుతుంది’ అన్న అతని సలహా నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. బ్రేసులు పలకకు అడ్డంగా ఉంటాయి. పలక ఆరుతూ వెడల్పు తగ్గుతుంటే అవి దాన్ని కదలనివ్వవు. చివరికి నడిమి అతుకు విడుతుంది, లేదా పలకే చీలుతుంది. చిత్రిక పట్టి సరిచేద్దామంటే, వెనుక పలక పూర్తయ్యేసరికి సుమారు రెండున్నర మిల్లీమీటర్లు మిగలాలి. నాలుగు మిల్లీమీటర్ల పలకలో మూడు మిల్లీమీటర్ల వంపుంటే ఇక మిగిలేదేమిటి?

మెడ దిమ్మె విషయంలో మరింత జాగ్రత్త అవసరం. రెండు చివర్లలో రెండు తిన్నని బద్దలు అడ్డంగా పెట్టి, ఒకదాని మీదుగా రెండోదాన్ని చూడండి. అంచులు సమాంతరంగా లేకపోతే మెలి ఉన్నట్టే. మెడ లోపల పెట్టే ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీ వంపును సరిచేయగలదు కానీ మెలిని తీయలేదు. నా దిమ్మెలో రెండూ ఉన్నాయి.

ఇప్పుడు విక్రేత ‘కవరు విప్పాక వాపసు లేదు’ అంటున్నాడు. విప్పకుండా తేమ ఎలా చూడగలం? కాబట్టి డబ్బు కట్టక ముందే చివరల ఫొటో, తేమ మీటర్ లెక్క, విప్పాక కూడా వాపసు తీసుకుంటామన్న మాట రాతలో అడగండి. కవరు విప్పేటప్పుడు వీడియో తీయండి. ఆ రోజే ప్రతి పలక మీద తేదీ, బరువు పెన్సిల్‌తో రాసి ఫొటో తీసి పెట్టుకోండి.