లేజర్ కొలతమీటరు: పాత గుడి రాళ్ల దగ్గర ఎంతవరకు నమ్మొచ్చు?

మూడు నాలుగు వేల రూపాయల తరగతిలో దొరికే 40 మీటర్ల లేజర్ మీటరును ఇంటీరియర్ పనివాళ్లని దృష్టిలో పెట్టుకుని చేస్తారు. భైరవకోనలాంటి కొండని తొలిచిన గుళ్లలో, నెల్లూరు జిల్లా ఉదయగిరి రంగనాయకుల గుడిలాంటి శిథిలాల్లో అదెంతవరకు అక్కరకొస్తుందన్నదే ఈ రివ్యూ. మంటపం లోపలి కొలతలకి దీనికి సాటి లేదు. అధిష్ఠానం, అంటే గుడి గోడల కింద ఉండే రాతి పీఠం, దగ్గరికొచ్చేసరికి మాత్రం దీన్ని సంచీలో వేసి టేపు తీయాల్సిందే.

పెట్టెమీద ‘2 మిల్లీమీటర్లు అటూఇటూ’ అని ఉంటుంది. అది నున్నటి లేతరంగు గోడకి చెప్పిన లెక్క. చెక్కడపు పనిమీద లేజర్ చుక్క సగం బొమ్మ అంచున, సగం వెనక రాతిమీద పడితే వచ్చే అంకె ఆ రెంటిలో దేనిదీ కాదు. నూనె జిడ్డుతో నిగనిగలాడే నల్లరాయి వెలుతురుని పక్కకి కొట్టేస్తుంది, మీటరు ఎర్రర్ చూపిస్తుంది. పోస్టుకార్డంత తెల్ల అట్టముక్క చేత్తో ఆనించి పట్టుకుంటే రెండు చిక్కులూ తీరతాయి. అట్టని టేపుతో అంటించొద్దు; పీకేటప్పుడు రాతి పైపొర, పాత సున్నం దాంతోపాటే ఊడొస్తాయి. సుద్దగీతలూ వద్దు.

ఎండలో పది మీటర్లు దాటాక ఎర్రచుక్క కంటికి ఆనదు. భైరవకోనలోని ఎనిమిది గుహాలయాల్లో ఏడు తూర్పు ముఖంగా, ఒకటి ఉత్తర ముఖంగా ఉన్నాయి. పొద్దున్నే వెళ్తే ఎండ నేరుగా ముఖభాగం మీదే పడుతుంది. అక్కడ మధ్యాహ్నం తర్వాతే పని సాగుతుంది. రోహిణి కార్తెలో ఆ ఆశ కూడా వదులుకోవాలి: చాలా మోడళ్లకి 40 డిగ్రీలే హద్దు, కాలిన బండమీద పెడితే అది ఇట్టే దాటిపోతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది ఎత్తుల దగ్గర. దూలం ఎత్తుని కింద నుంచి నిట్టనిలువుగా కొట్టడం కుదరనప్పుడు, అడ్డదూరం, ఏటవాలు దూరం కొలిచి మీటరే ఎత్తు లెక్కకట్టే పద్ధతి ఉంది. గోడకి 3 మీటర్ల దూరంలో నిలబడి 4 మీటర్ల ఎత్తు కొలిచేటప్పుడు ఏటవాలు కొలతలో 10 మిల్లీమీటర్ల తప్పు వస్తే ఎత్తులో వచ్చే తేడా దాదాపు 12. అదే 8 మీటర్ల దూరం నుంచి 2 మీటర్ల ఎత్తు కొలిస్తే ఆ 10 కాస్తా 41 అవుతుంది. అందుకని ఎత్తుకి మించిన దూరానికి వెళ్లకూడదు. అడ్డకొలతలో మీటరు 5 డిగ్రీలు వాలితే 5 మీటర్ల దగ్గర 19 మిల్లీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. కొలతలన్నీ ఒకే రకంగా పది సెంటీమీటర్ల చొప్పున తేడా వస్తున్నాయంటే మీటరు ముందు అంచు నుంచి లెక్కిస్తోందో, వెనక అంచు నుంచో చూసుకోండి. ఆ తేడా పరికరం పొడవు.

శిథిలాల్లో నేలని నమ్మకూడదు. పరిచిన బండలు కుంగి ఉంటాయి, రావి వేళ్లు స్తంభాన్ని పక్కకి నెట్టి ఉంటాయి. ముందు మేస్త్రీల లెవెల్ పైపులో నీళ్లు నింపి స్తంభాల చుట్టూ ఒకే మట్టానికి దారం కట్టాలి. ఎత్తులన్నీ దాన్నుంచే పైకీ కిందికీ కొలవాలి. మంటపానికి నాలుగు పక్కలతోపాటు రెండు కర్ణాలూ కావాలి. ఈ పనిలో లేజర్ టేపుకంటే ఎంతో మేలు, టేపు మధ్యలో వేలాడి కొలత పెంచేస్తుంది. తొలిచిన గుడిలో మూలలు 90 డిగ్రీలే అనుకోవద్దు. అక్కడ కర్ణాలు లేకుండా గీసిన ప్లాను ఊహే.

ఇక అధిష్ఠానం. అందులో కింద నుంచి పైకి వరసగా ఉండే అచ్చులు, అంటే రాతి వరసలు, ఉపానం, జగతి, కుముదం, కంఠం, పట్టిక. ఇవి ఒకదానికొకటి కొన్ని అంగుళాలు ముందుకో లోపలికో ఉంటాయి. కంఠం సందులో మీటరు పట్టదు, గుండ్రటి కుముదం మీద చుక్క ఎక్కడ పడాలో తెలీదు. పట్టిక దగ్గర నుంచి, అచ్చులన్నిటికీ కాస్త ఎడంగా ఇత్తడి గుండు వేలాడదీసి, దారం నుంచి ఒక్కో అచ్చుకీ ఎంత లోతో ఉక్కు స్కేలుతో కొలవడమే దారి. ఉపానం మట్టిలో కూరుకుపోయి ఉంటే కనిపించినంతే రాసుకోండి, తవ్వొద్దు. భైరవకోన స్తంభాల అడుగున కూర్చున్న సింహాలకీ లేజర్ దండగే. స్తంభం చుట్టుకొలతకి దర్జీ టేపు చాలు.

లేజర్ తక్కువ శక్తి ఉన్న రెండో తరగతిదే (క్లాస్ 2) అయినా మనుషుల కళ్లకేసి తిప్పకూడదు. పూజ జరిగే గుళ్లో పూజారిగారిని అడక్కుండా గర్భగుడివైపు కొట్టకండి. రక్షిత కట్టడమైతే సంబంధిత శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. కార్తీక సోమవారాల్లో ఈ పని పెట్టుకోకపోవడం మంచిది.

కొనేటప్పుడు వాలు చూపించే సెన్సారుకి కొంచెం ఎక్కువ పెట్టినా దండగ కాదు. బ్లూటూత్‌కి అదనంగా పెట్టక్కర్లేదు. చేత్తో గీసుకున్న బొమ్మమీద పెన్సిలుతో అప్పటికప్పుడు రాసుకోకపోతే, ఫోన్లో చేరిన ఆ అంకెల్లో ఏది ఏ స్తంభానిదో సాయంత్రానికి ఎవరూ చెప్పలేరు.