పరిశోధనకు విలువ కట్టాలంటే ఏది మేలు: జర్నల్ అంకెనా, హెచ్-ఇండెక్సా, చదివి చూడడమా?

అధ్యాపక పదవికో ప్రమోషన్‌కో దరఖాస్తు వచ్చినప్పుడు సెలక్షన్ కమిటీ పరిశోధనకు మూడు విధాలుగా విలువ కట్టవచ్చు. పత్రాలు వెలువడిన జర్నళ్ల ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చూడవచ్చు, అభ్యర్థి హెచ్-ఇండెక్స్ చూడవచ్చు, లేదా విషయం తెలిసినవారి చేత ఆ పత్రాలనే చదివించవచ్చు. మన విశ్వవిద్యాలయాల్లో మొదటి రెండింటికే చలామణి ఎక్కువ. నా మొగ్గు మూడోదాని వైపేనని ముందే చెబుతున్నాను, అయితే దానికయ్యే శ్రమ తక్కువేమీ కాదు.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ జర్నల్‌కు పెట్టిన కొలత, మనిషికి పెట్టినది కాదు. అంతకు ముందు రెండేళ్లలో ఒక జర్నల్ ప్రచురించిన వ్యాసాలకు ఈ ఏడాది అందిన సైటేషన్లను, అంటే ఇతర పత్రాలు వాటిని ఉదహరించిన సందర్భాలను, ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చే సగటు అది. సగటును నమ్ముకుంటే ఏమవుతుందో స్ఫటిక శాస్త్ర జర్నల్ ఆక్టా క్రిస్టలోగ్రాఫికా ‘ఎ’ విభాగం అనుభవం చూపుతుంది. 2008లో 2.051గా ఉన్న ఆ జర్నల్ అంకె 2009కి ఏకంగా 49.926కు ఎగబాకింది. జార్జ్ షెల్డ్రిక్ తన షెల్ఎక్స్ సాఫ్ట్‌వేర్ చరిత్రను వివరిస్తూ 2008లో రాసిన ఒకే ఒక్క వ్యాసాన్ని, ఆ సాఫ్ట్‌వేర్ వాడే స్ఫటిక శాస్త్రజ్ఞులందరూ ఉదహరించడమే అందుకు కారణం. రెండేళ్ల గడువు దాటి ఆ వ్యాసం లెక్కలోంచి జారిపోగానే 2011లో అంకె మళ్లీ రెండు దగ్గరికి వచ్చి ఆగింది. ఆ మధ్యకాలంలో అదే జర్నల్‌లో రాసిన మిగతావారి పరిశోధన ఇరవై రెట్లు మెరుగుపడిందని ఎవరూ అనలేరు, కానీ అంకెను మాత్రమే చూసే కమిటీ అలాగే మార్కులు వేస్తుంది.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన గణాంకశాస్త్రవేత్త సి.ఆర్. రావు, పాతికేళ్ల వయసులో, 1945లో తన ప్రసిద్ధ పత్రాన్ని కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ప్రచురించారు. గణాంకశాస్త్రంలో పేరొందిన క్రామర్-రావు పరిమితికీ రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతానికీ మూలం అదే, 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి రావడానికీ ఆ పత్రమే ఆధారం. నేటి పద్ధతిలో జర్నల్ పేరు చూసి మార్కులు వేసేవారి ముందు ఆ పత్రం ఎక్కడ నిలిచేదో ఊహించవచ్చు. పైగా ఆ ఫలితాలు పాఠ్యపుస్తకాల్లోకి చేరిపోయాక, వాటిని వాడేవారిలో ఎందరో అసలు పత్రాన్ని ఉదహరించడమే మానేశారు. అంటే ఒక ఆలోచన బాగా స్థిరపడిన కొద్దీ సైటేషన్ల లెక్క దాన్ని వదిలేస్తూ పోతుంది.

హెచ్-ఇండెక్స్ కనీసం మనిషిని చూస్తుంది. భౌతిక శాస్త్రవేత్త జార్జ్ హిర్ష్ 2005లో ప్రతిపాదించిన ఈ కొలతలో 12 అంటే, కనీసం పన్నెండేసి సైటేషన్లు పొందిన పత్రాలు పన్నెండు ఉన్నాయని అర్థం. ఒక్క పత్రం పుణ్యాన పెరగదు కాబట్టి ఇది ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కంటే మేలు. కానీ ఇది వయసుతో పెరుగుతుందే తప్ప తగ్గదు. వైద్యశాస్త్రంలో సాధారణమైన అంకె గణితంలో గొప్పదిగా కనిపిస్తుంది. ఒకే మనిషికి సైటేషన్లు లెక్కించే స్కోపస్ డేటాబేసు ఒక సంఖ్య చెబితే గూగుల్ స్కాలర్ ఇంకొకటి చెబుతుంది. తెలుగు శాఖ అధ్యాపకుల సంగతి మరీ కష్టం: ‘భారతి’ వంటి పత్రికల్లో వచ్చిన శాసన, సాహిత్య పరిశోధనను ఈ డేటాబేసుల కళ్లతో చూస్తే దాదాపు సున్నా.

జాబితాలతో సరిపెట్టే ప్రయత్నమూ జరిగింది. విశ్వవిద్యాలయాలను నియంత్రించే యూజీసీ 2010లో అధ్యాపకుల పనికి ఏపీఐ స్కోరు తెచ్చి పత్రాలకు పాయింట్లు కట్టింది, నాసిరకం జర్నళ్ల బెడద పెరిగాక 2019లో ఆమోదించదగ్గ జర్నళ్ల కేర్ జాబితా తెచ్చింది, 2025లో దాన్నీ పక్కన పెట్టింది.

ఇక చదవడం. బ్రిటన్ 2014లో జరిపిన జాతీయ మూల్యాంకనంలో 154 సంస్థల నుంచి సుమారు 1,91,000 పరిశోధనా ఫలితాలు నిపుణుల ముందుకు వచ్చాయి, మొత్తం కసరత్తుకు దాదాపు 24.6 కోట్ల పౌండ్లు ఖర్చయిందని అంచనా. దేశమంతటికీ అలా చేయడం మనకు భారమే. ఒక్క పోస్టుకు మాత్రం కాదు: ఆరుగురు అభ్యర్థులు మూడేసి పత్రాలు ఇస్తే చదవాల్సినవి పద్దెనిమిదే. చదివేవారు అభ్యర్థికి గురువో ప్రత్యర్థో అయ్యే ప్రమాదం ఈ శ్రమ కంటే పెద్దది, ముఖ్యంగా అందరికీ అందరూ తెలిసిన చిన్న రంగాల్లో. చదివినవారి నివేదికకూ అంకెలకూ పొంతన కుదరనప్పుడు ఎందుకని అడగడానికి హెచ్-ఇండెక్స్ పనికొచ్చేది అక్కడే.

అయితే పైమూడింటికీ అందని ప్రభావం ఒకటుంది. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ, బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి వరి రకాలు లక్షల ఎకరాల్లో పండాయి. విత్తనం చల్లే రైతు ఎవరినీ ఉదహరించడు. బ్రిటన్ 2014లో ఇలాంటి సామాజిక ప్రభావానికి 20 శాతం, 2021లో 25 శాతం విలువ ఇచ్చి, దాన్ని సాక్ష్యాలతో సహా కథనంగా రాయమంది. వ్యవసాయ, పశువైద్య విశ్వవిద్యాలయాలకు అదే తగిన దారి.

మిగతా పోస్టులకు నేను కోరేది ఇది: అభ్యర్థి తానే మూడు పత్రాలు ఎంచుకోవాలి, బయటి విశ్వవిద్యాలయాల నుంచి ఇద్దరు చదివి కారణాలతో నివేదిక రాయాలి, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గడిని దరఖాస్తు నుంచి తీసేయాలి, హెచ్-ఇండెక్స్ ఉన్న కాగితాన్ని ఆ నివేదికలు చేతికి అందాకే తెరవాలి.