స్లిట్టర్‌కి ఆటో టెన్షన్ పెట్టించాక: రాయగడ నుంచి ఒక సమీక్ష

పెద్ద పేపర్ రీల్‌ని విప్పి, సన్నగా కోసి మళ్లీ చుట్టే మెషీన్ మా స్లిట్టర్ రీవైండర్. దానికి లోడ్ సెల్ టెన్షన్ కంట్రోలర్, అల్ట్రాసోనిక్ వెబ్ గైడ్ బిగించి కొన్నేళ్లయింది. మొదటిది రోలర్ రెండు కొసల్లో ఉన్న లోడ్ సెల్స్ అనే సెన్సర్లతో పేపర్ బిగువుని కొలిచి సరిచేస్తుంది, రెండోది పేపర్ అంచుని శబ్ద తరంగాలతో పసిగట్టి పక్కకి పోకుండా చూస్తుంది. 1962 నుంచి పేపర్ మిల్లు నడుస్తున్న ప్రాంతం మాది. ఇక్కడా, పార్వతీపురం వైపూ కన్వర్టింగ్ యూనిట్ (పెద్ద రీళ్లని కోసి సరుకు తయారుచేసే చోటు) పెట్టాలనుకునేవాళ్లు దీని గురించి అడుగుతూనే ఉంటారు. వాళ్ల కోసమే రాస్తున్నాను. కంట్రోలర్ కళ్లు మూసుకుని కొనొచ్చు. నా పేచీ అంతా పౌడర్ బ్రేక్‌తోనే, అంటే విప్పుకునే రీల్‌ని అయస్కాంత పొడి పట్టుతో నిలవరించే కరెంటు బ్రేక్‌తోనే.

ఇదివరకు బ్రేక్ నాబ్ ఆపరేటర్ చేతిలో ఉండేది. 1,000 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న రీల్ 100కి తరిగేసరికి బ్రేక్ బలం పదో వంతుకి దించాలి. దించకపోతే కోర్ (రీల్ మధ్యలో ఉండే గొట్టం) దగ్గర పేపర్ టప్పున తెగుతుంది. ఇప్పుడు ఆ బాధ దాదాపు లేదు. రీవైండ్ వైపు టేపర్ టెన్షన్ ఇంకా బాగుంది. రోల్ లావెక్కేకొద్దీ లాగుడు తగ్గుతుంది కాబట్టి లోపలి పొరలు నలగవు.

కానీ స్క్రీన్ మీద అంకెను గుడ్డిగా నమ్మొద్దు. వానాకాలంలో పేపర్ అంచులు తేమ పీల్చి వదులవుతాయి. కంట్రోలర్ రెండు సెల్స్ మొత్తాన్నే చూస్తుంది గనక అంతా సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది, ఒక పక్క మాత్రం బిగుసుకుపోతుంది. మా సీనియర్ ఆపరేటర్ మెషీన్ ఆపి, బిగువు మీదున్న పేపర్‌ని వేలి వెనకతో తట్టి, "బాబూ, ఈ పక్క వదులుంది, సెల్స్ విడివిడిగా చూడు" అంటాడు. చూస్తే ఆయన మాటే నిజం.

క్యాలిబ్రేషన్ మేమే చేసుకుంటాం. పేపర్ వెళ్లే దారిలోనే రోలర్ల మీదుగా మధ్యలో తాడు వేసి, ఒక కొస కట్టేసి, రెండో కొసకి 10 కిలోల తూకం రాయి వేలాడదీస్తాం. స్క్రీన్ 98 న్యూటన్లు చూపాలి. పక్క రోలర్‌ని కాస్త జరిపినా పేపర్ చుట్టుకునే కోణం మారుతుంది, మళ్లీ చేయాల్సిందే. కొనేటప్పుడు, వ్యాసాన్ని బట్టి గెయిన్ (తేడా వస్తే ఎంత గట్టిగా సరిచేయాలో చెప్పే సెట్టింగ్) మార్చుకునే మోడలే అడగండి. రీల్ వ్యాసం సగమైతే జడత్వం పదహారో వంతుకి పడిపోతుంది. నిండు రీల్‌కి కుదిరిన సెట్టింగ్ చివర్లో ఊగిసలాడుతుంది.

వెబ్ గైడ్‌కి వంక పెట్టలేను. పేపర్ దుమ్ము దాన్ని ఏమీ చేయలేదు, పారదర్శక ఫిల్మ్ అంచునీ పట్టుకుంటుంది. కంప్రెసర్ గాలి సెన్సర్ మీద నేరుగా కొట్టకుండా చూసుకుంటే చాలు.

ఇక బ్రేక్. 200 న్యూటన్ల టెన్షన్‌తో నిమిషానికి 300 మీటర్లు నడిపితే 1 కిలోవాట్ వేడి దాంట్లోనే పుడుతుంది. మా మే నెల ఎండకి అది తోడైతే ఇంక చెప్పాలా? పౌడర్ పాతబడితే లాగుడులో కుదుపులు మొదలవుతాయి. పల్చటి పేపర్ కోర్ దగ్గరికొచ్చినప్పుడు బ్రేక్ బలం కావలసినంత తక్కువకి దిగదు కూడా. చేతిలో డబ్బుంటే అన్‌వైండ్‌కి (పేపర్ విప్పుకునే వైపుకి) మోటారు, నిలవరించేటప్పుడు పుట్టే శక్తిని కరెంటుగా వెనక్కిచ్చే రీజెనరేటివ్ డ్రైవ్ పెట్టించుకోండి.

పౌడర్ బ్రేకే తీసుకుంటే ఒక జాగ్రత్త. కరెంటు పోగానే అది పట్టు వదిలేస్తుంది. బరువైన రీల్ తిరుగుతూనే ఉండి పేపర్ నేల మీద కుప్పపడుతుంది. కంట్రోలర్‌కీ బ్రేక్‌కీ కలిపి చిన్న యూపీఎస్ మొదటి రోజే పెట్టించండి. మాకు అమ్మిన కంపెనీవాళ్లు ఈ ముక్క చెప్పనేలేదు.